పుండు, చీము, గోడను కోసే ఎంజైము

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం. వక్త ప్రభుత్వ ఆసుపత్రులలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి పదవీ విరమణ చేసినవారు.)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి అధ్యక్షులు గారు వివరంగా సెలవిచ్చారు. డి.ఎ. బకాయిల గురించి, లైఫ్ సర్టిఫికెట్ గురించి కార్యదర్శి గారు చెప్పారు. ఇక నేను మాట్లాడవలసింది పుండ్ల గురించి. భోజనాలకు అరగంట ముందు నా చేత చీము గురించి మాట్లాడించడం కార్యదర్శి గారి చమత్కారం అనుకుంటున్నాను. పెద్దలు మన్నించాలి.

ఈ హాలులో కూర్చున్నవారిలో ఎంతమందికి షుగరు ఉందో చేతులెత్తమని అడగను. నాకు ఉంది. పన్నెండేళ్ళయింది. అది ఉన్నవాళ్ళకు కాలి మీద చిన్న గీత పడినా అది చిన్న విషయం కాదు గనుక ఈ కబురు మీకు చెప్పాలనిపించింది.

మన వైపు మామిడికాయల కాలం వచ్చిందంటే పిల్లల మెడ మీద, నుదుటి మీద సెగగడ్డలు లేస్తాయి. మామిడిపండు వేడి చేసిందంటాము. నేను బంగారుపాళెం పక్కన పుట్టినవాడిని, మామిడిపండును నిందించడం నాకిష్టం లేదు. నిజానికి ఆ గడ్డలో ఉండే దోషి వేరు. గడ్డ చిదిపి ఆ చీమును గాజు పలక మీద పలుచగా పూసి, గ్రామ్ రంగులు వేసి మైక్రోస్కోపు కింద పెడితే ఊదారంగు గుండ్రటి చుక్కలు గుత్తులు గుత్తులుగా కనిపిస్తాయి. అచ్చం ద్రాక్షగుత్తి. 1880 ప్రాంతంలో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే స్కాట్లండు సర్జను గారు దీన్ని చూసి, గ్రీకు భాషలో ద్రాక్షగుత్తి అనే అర్థం వచ్చేట్టు స్టాఫిలోకోకస్ అని పేరు పెట్టారు. అగర్ పలక మీద పెంచితే మరునాటికి బంగారు రంగు బొట్లు వస్తాయి. అందుకే ఆరియస్, అంటే బంగారుది అని ఇంకొక పేరు. పేరు బంగారమే, బుద్ధి మాత్రం కాదు. మనలో ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురి ముక్కులో ఇది ఏ హానీ చేయకుండా కాపురం ఉంటుంది. చర్మం తెగినప్పుడే దానికి దారి దొరుకుతుంది. దీని దాయాది స్ట్రెప్టోకోకస్, పూసలదండలాగా కనబడుతుంది. కాలు ఎర్రబడి వాచి జ్వరం తెచ్చే సెల్యులైటిస్‌కు, పిల్లల మూతి చుట్టూ తేనెరంగు పెచ్చులు కట్టే పుండ్లకు చాలావరకు ఈ ఇద్దరే కారణం.

నేను 1977లో సర్వీసులో చేరాను. మా పని ఏమిటంటే, పుండు నుండి దూదిపుల్లతో చీము తీసి, అగర్ పలక మీద పూసి, ఇంక్యుబేటరులో 37 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచడం. కరెంటు పోతే ఆ రాత్రి పని గంగలో కలిసినట్లే. సూక్ష్మజీవి ఏదో తేలిన తర్వాత, దాన్ని ఇంకొక పలక నిండా పరచి, రకరకాల యాంటీబయాటిక్ మందులు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలు పెడతాము. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ సూక్ష్మజీవి పెరగని ఖాళీ వలయం ఏర్పడుతుంది. స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కొలిచి రిజిస్టరులో రాస్తాము. నేను చేరేటప్పటికే పెన్సిలిన్ బిళ్ళ చుట్టూ వలయం చాలా పలకల మీద కనిపించేది కాదు. తరువాత ఒక్కొక్క మందుకూ అదే గతి పట్టడం నా కళ్ళారా చూశాను. పనిచేయదు అని తెలిపే ‘ఆర్’ అనే అక్షరం రిజిస్టరులో ఏటేటా పెరుగుతూ వచ్చింది. పెన్సిలిన్‌కు లొంగని స్టాఫ్ కోసం 1959లో మెథిసిలిన్ అనే మందు తెచ్చారు. 1961 నాటికే ఇంగ్లండులో దానికీ లొంగని రకం కనబడింది. అదే ఇప్పుడు అందరూ ఎం.ఆర్.ఎస్.ఎ. అని భయపడే రకం.

ఇన్ని పలకలు చూసిన నేను చేసిన ఒక తప్పు ఇక్కడ చెప్పుకోవాలి. ఇది చెప్పకుండా మిగతాది చెప్పడం నాకు మనసొప్పదు.

2016 సంక్రాంతికి ముందు మా అన్న చెరకు తోటలో నరికిన మోడు మీద కాలు వేశాడు. ఆయనకు షుగరు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. అరికాలికి స్పర్శ తగ్గిపోయింది. ఇంటికొచ్చాక గచ్చు మీద నెత్తురు చూసి వదిన చెబితేగాని ఆయనకు తెలియలేదు. పసుపు పెట్టి గుడ్డ కట్టారు. నాలుగు రోజుల తరువాత చీము పట్టిందని నాకు ఫోను చేశాడు. “నువ్వు ఆస్పత్రిలో ఉండినోడివి గదరా, నీకు తెలీని మాత్ర ఏముంది, ఒకటి చెప్పు” అన్నాడు. నేను చెప్పాను. అయిదు రోజులు వాడమన్నాను. మూడో రోజుకు నొప్పి తగ్గిందని ఆయన మానేశాడు. పది రోజులకు మళ్ళీ ఫోను. ఈసారి ఇంకొక మాత్ర చెప్పాను. వేలూరుకు గంట ప్రయాణం, తిరుపతికి రెండు గంటలు. రమ్మంటే బెల్లం గానుగ పని ఉందన్నాడు. సరేలెమ్మని నేనూ ఊరుకున్నాను. మూడోసారి ఫోను చేసింది వదిన. కాలి దగ్గర కూర్చోలేకపోతున్నాము, వాసన వస్తోంది అంది.

పెద్దాసుపత్రిలో కల్చరు చేస్తే ఎం.ఆర్.ఎస్.ఎ. అని వచ్చింది. నేను చెప్పిన రెండు మాత్రలకు ఎదురుగా ‘ఆర్’ అని ఉంది. రెండు వేళ్ళు తీసేశారు. ముప్పై అయిదేళ్ళ సర్వీసులో ఎంతమంది కాళ్ళ నుండి దూదిపుల్లతో చీము తీశానో లెక్కలేదు. సొంత అన్న కాలికి తీయలేదు. అన్న నన్ను ఇంతవరకు ఒక్క మాట అనలేదు. వదిన మాత్రం ఆసుపత్రి వరండాలో ఒక్కసారి అంది. “ఏమబ్బా, ఊరందరి చీమూ చూసినోడివి, మీ అన్న కాలు ఒక్కసారి చూసుంటే ఏమి పోయింది?” అని. నా దగ్గర జవాబు లేదు.

ఆ సంవత్సరమే మా మనవరాలు తిరుపతిలో మైక్రోబయాలజీ చదువుతూ సెమినారులో చెప్పడానికి ఒక వ్యాసం తెచ్చుకుంది. మందులకు లొంగని స్టాఫ్‌ను వైరస్‌ల నుండి తీసిన ఎంజైముతో చంపడం గురించి. “తాతా, ఇది నువ్వు చదవాలి” అని నా చేతిలో పెట్టింది. అన్న కాలి కట్టు ఇంకా విప్పని రోజులవి. రెండుసార్లు చదివాను. అప్పటి నుండి ఈ విషయం దొరికినంతవరకు చదువుతూనే ఉన్నాను.

వైరస్ అనగానే మనకు కరోనా గుర్తొస్తుంది. కాని మనుషుల జోలికి రాకుండా కేవలం బ్యాక్టీరియాను పట్టి తినే వైరస్‌లు ఉన్నాయి. వాటికి బ్యాక్టీరియోఫేజ్ అని పేరు, బ్యాక్టీరియాను తినేది అని అర్థం. క్లుప్తంగా ఫేజ్ అందాము. నాకు ఇవి కొత్త కాదు. సర్వీసులో చేరిన కొత్తలో శిక్షణ తరగతిలో ఒక పలక చూపించారు. పలక నిండా స్టాఫ్ తెల్లగా పరచుకుని ఉంది, మధ్యమధ్య చిల్లులు పడినట్లు ఖాళీ మచ్చలు. ఆ మచ్చల్లో ఫేజ్‌లు స్టాఫ్‌ను తినేశాయని చెప్పారు. అప్పట్లో ఏ స్టాఫ్ ఏ వంశానిదో తెలుసుకోవడానికి ఏ ఫేజ్ దాన్ని తింటుందో చూసేవారు. ఢిల్లీలో మౌలానా ఆజాద్ మెడికల్ కాలేజీలో అందుకోసం జాతీయ కేంద్రమే ఉండేది. గుర్తుపట్టడానికే పనికొస్తుందనుకున్నాము గాని, ఇదే మందు కావచ్చుగదా అని మాలో ఎవరికీ తట్టలేదు.

తట్టినవాళ్ళు మాత్రం చాలా ముందే ఉన్నారు. 1915లో లండనులో ట్వార్ట్ గారు, 1917లో పారిస్ పాశ్చర్ ఇనిస్టిట్యూటులో డెరెల్ గారు వీటిని గుర్తించారు. ఇంకా ముందు, 1896లో ఆగ్రాలో పనిచేసిన హాంకిన్ అనే ఇంగ్లీషు ఆయన, గంగా యమునల నీటిలో కలరా సూక్ష్మజీవులు చచ్చిపోతున్నాయని, ఆ నీటిని మరగబెడితే ఆ గుణం పోతోందని రాశాడు. అది ఫేజ్ పనే అయి ఉంటుందని తరువాతివారు కొందరు అనుకున్నారు. డెరెల్ గారు 1927లో మన దేశానికే వచ్చి పంజాబులో కలరా రోగుల మీద ఫేజ్ మందు ప్రయత్నించారు. ఇవన్నీ నీళ్ళ జబ్బులు. మన విషయానికి దగ్గరిది 1921లో బెల్జియంలో జరిగింది. బ్రినోగ్, మైసిన్ అనే ఇద్దరు స్టాఫ్ గడ్డలను కోసి, చుట్టూ ఫేజ్ ద్రవం ఎక్కించారు. ఒకటి రెండు రోజుల్లో వాపూ నొప్పీ తగ్గాయని అచ్చువేశారు. అంటే, ఫేజ్ వైద్యంలో మొట్టమొదట అచ్చయిన కాగితాల్లో ఒకటి మన సెగగడ్డ మీదనే. పెన్సిలిన్ కనుగొనడానికి ఏడేళ్ళ ముందు సంగతి ఇది.

మరి ఎందుకు మూలపడింది? 1940లలో యాంటీబయాటిక్ మందులు వచ్చాయి. ఒకే మాత్ర అన్ని రకాల సూక్ష్మజీవులకూ పనిచేస్తుంటే, ఒక్కొక్క సూక్ష్మజీవికి ఒక్కొక్క ఫేజ్ వెతికే ఓపిక ఎవరికుంటుంది? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలోనే అమెరికాలో ఆరియోమైసిన్ వచ్చింది, 1948లో. ఆ మందులు మన తల్లులను, పిల్లలను ఎంతమందిని బతికించాయో మన తరానికి తెలిసినంతగా ఇప్పటివారికి తెలియదు. ఫేజ్ వైద్యం జార్జియా, పోలండు వంటి చోట్ల మాత్రం నిలిచింది. జార్జియాలో టిబిలిసి నగరంలో ఎలియావా గారు 1923లో స్థాపించిన సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. పాపం ఎలియావా గారిని 1937లో స్టాలిన్ కాలపు ప్రభుత్వం కాల్చి చంపింది. ఆ కథ ఇంకొకసారి.

ఇక ఎంజైము దగ్గరికి వద్దాము. ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి.

సూక్ష్మజీవిని లారీ చక్రంతో పోల్చి చెబుతాను. లోపల ట్యూబు ఉంటుంది, పైన టైరు ఉంటుంది. గాలి ఒత్తిడి తట్టుకునేది టైరు. స్టాఫ్ లోపల ఒత్తిడి లారీ టైరులో కన్నా రెండు మూడు రెట్లు ఉంటుంది. అంత ఒత్తిడిని పగలకుండా పట్టి ఉంచేది దాని గోడ. ఆ గోడ చక్కెర గొలుసులను ప్రొటీను ముక్కలతో అడ్డంగా కట్టిన వలలాంటిది. ఫేజ్ లోపలికి దూరి వందలాది పిల్లలను తయారుచేసుకున్న తర్వాత బయటికి రావాలంటే ఈ వల అడ్డం. అందుకని చివర్లో ఒక ఎంజైమును తయారుచేస్తుంది, దాని పేరు ఎండోలైసిన్. అది లోపలి నుండి వల పోగులను కోస్తుంది. టైరు చిరిగిందంటే ఏమవుతుందో మీకు తెలుసు.

శాస్త్రవేత్తలకు వచ్చిన ఆలోచన ఏమిటంటే, ఫేజ్‌ను పక్కనబెట్టి ఆ కత్తెరను మాత్రమే విడిగా తయారుచేసి, బయటి నుండి పూస్తే ఏమవుతుంది అని. న్యూయార్కులో రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో విన్సెంట్ ఫిషెట్టి గారు, వారి సహచరులు 2001లో ఫలితం ప్రకటించారు. ఒక గ్రామును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో పది భాగాలు, అంత ఎంజైము పరీక్షనాళికలో కోటి స్ట్రెప్టోకోకస్‌లను అయిదు సెకండ్లలో చంపేసింది. నేను ఇంక్యుబేటరు ముందు రాత్రుళ్ళు కాచుకున్నవాడిని. అయిదు సెకండ్లు అని చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను. ఎలుకల గొంతులో పెట్టిన స్ట్రెప్టోకోకస్ కూడా మందు వేసిన రెండు గంటలకు కనబడలేదు.

ఇందులో పెన్సిలిన్‌కూ దీనికీ ఉన్న తేడా గమనించాలి. పెన్సిలిన్ కట్టిన గోడను ముట్టుకోదు. గోడ కట్టే మేస్త్రీ చేతులు కట్టేస్తుంది. సూక్ష్మజీవి పెరిగేటప్పుడు కొత్త గోడ కట్టలేక చస్తుంది. ఎం.ఆర్.ఎస్.ఎ. చేసిన మాయ ఏమిటంటే, పెన్సిలిన్ పట్టుకోలేని ఇంకొక మేస్త్రీని పెట్టుకుంది. ఎంజైముకు మేస్త్రీతో నిమిత్తం లేదు, ఉన్న గోడనే కోస్తుంది. కాబట్టి పెన్సిలిన్‌కు లొంగినదైనా, లొంగనిదైనా దానికి ఒకటే. పుండు అడుగున జిగురు పొరలా పట్టుకుని, పెరగకుండా నిద్రపోతున్న సూక్ష్మజీవుల మీద మేస్త్రీల చేతులు కట్టే మందులు సరిగా పనిచేయవు, ఎందుకంటే అక్కడ పనే జరగడం లేదు. గోడ మాత్రం ఉంది గనుక ఎంజైము కోయగలదు. షుగరు పుండ్లు ఎందుకు నెలల తరబడి మానవో ఆలోచించేవారికి ఈ మాట విలువ తెలుస్తుంది.

దీనికి రెండు భాగాలుంటాయి. ఒకటి కోసే భాగం, రెండోది పట్టుకునే భాగం. పట్టుకునే భాగం తనకు సంబంధించిన గోడనే గుర్తుపడుతుంది. అందుచేత స్టాఫ్ ఎంజైము స్టాఫ్‌ను మాత్రమే చంపుతుంది, చర్మం మీద, పేగుల్లో ఉన్న మంచి సూక్ష్మజీవులను వదిలేస్తుంది. ఇది వరమూ అవుతుంది, ఇబ్బందీ అవుతుంది. ఏ సూక్ష్మజీవో తెలియకుండా వాడితే నీళ్ళు పూసినట్లే.

చర్మానికే ముందు ఎందుకు ప్రయత్నిస్తున్నారంటే అదీ చెబుతాను. ఎంజైము ప్రొటీను. మింగితే పప్పు అన్నంతో పాటు అరిగిపోతుంది. నెత్తురులోకి ఎక్కిస్తే కొద్దిసేపటికే కరిగిపోతుంది, పైగా ఒంటి రక్షణదళం దాన్ని పరాయిదని పట్టుకుంటుంది. చర్మం మీదైతే నేరుగా లేపనంగా పూయవచ్చు. ఇంకొక కారణం, చర్మపు పుండ్లలో ముఖ్యులైన స్టాఫ్, స్ట్రెప్టోకోకస్ ఇద్దరూ గ్రామ్ రంగులో ఊదాగా కనిపించే జాతి. వాళ్ళ గోడ బయటికే ఉంటుంది. గులాబీ రంగులో కనిపించే జాతికి గోడ మీద ఇంకొక కొవ్వు పొర కప్పి ఉంటుంది, కత్తెర గోడ దాకా చేరదు. పచ్చటి చీముతో వాసన కొట్టే సూడోమోనాస్ ఆ రెండో జాతిది. షుగరు పుండ్లలో తరచు ఈ రెండు జాతులూ కలిసి ఉంటాయి. కాబట్టి ఒక్క స్టాఫ్ ఎంజైముతో మా అన్న కాలు నయమయ్యేదని నేను అనను.

ఇదంతా అమెరికా కథ అనుకోవద్దు. చిత్తూరు నుండి మూడు నాలుగు గంటల బస్సు ప్రయాణం, బెంగళూరులో, 2000 సంవత్సరంలో డాక్టర్ జానకిరామన్ రామచంద్రన్ గారు గంగాజెన్ అనే సంస్థను స్థాపించారు. పేరులోనే గంగ ఉంది, హాంకిన్ గారి గంగ గుర్తుకు రాక మానదు. వారు తయారుచేసిన ఎంజైము పేరు పి-128. కె అనే పేరుగల స్టాఫ్ ఫేజ్ తోకలో, గోడకు చిల్లి పెట్టి లోపలికి దూరడానికి వాడే ఒక ఎంజైము ఉంది. దాని కోసే భాగం తీసుకున్నారు. లైసోస్టాఫిన్ అనే ఇంకొక ప్రొటీను నుండి స్టాఫ్‌ను గట్టిగా పట్టుకునే భాగం తీసుకున్నారు. రెండూ అతికించారు. మన మెకానిక్కులు ఒక బండి ఇంజను, ఇంకొక బండి చాసిస్ కలిపి బండి నడిపించినట్లు. ఎం.ఆర్.ఎస్.ఎ. మీద కూడా ఇది పనిచేస్తుందని 2011, 2012 సంవత్సరాలలో వ్యాసాలు ప్రకటించారు. కుక్కలకు చర్మం మీద చీముపుండ్లు లేచే జబ్బు ఉంటుంది. అది కూడా స్టాఫ్ జాతి పనే. పి-128 కలిపిన జెల్ పూస్తే ఆ పుండ్లు మానాయని 2013లో ఇంకొక వ్యాసం వచ్చింది. మన వాళ్ళకు ముందు కుక్కలకు అందిందని ఎవరూ చిన్నబుచ్చుకోవద్దు, మందుల ప్రయాణం అలాగే ఉంటుంది. మనుషుల ముక్కులో స్టాఫ్ తగ్గించడానికి కూడా ఈ జెల్‌ను పరీక్షించారు.

మన పొరుగున వేలూరులో వి.ఐ.టి. విశ్వవిద్యాలయంలో ఫేజ్‌ల మీద పరిశోధన చేసే బృందం ఉంది. హైదరాబాదులో సి.సి.ఎం.బి. శాస్త్రవేత్త డాక్టర్ మంజులా రెడ్డి గారు ఈ గోడ గురించే ఎన్నో ఏళ్ళు పనిచేశారు. సూక్ష్మజీవి తాను పెరగాలన్నా ముందు తన గోడను తానే కొంచెం కోసుకుని, ఆ సందులో కొత్త పోగు అల్లుకోవాలి. ఆ సొంత కత్తెరలను వారి బృందం గుర్తించి 2012లో ప్రకటించింది. అవి లేకుండా చేస్తే సూక్ష్మజీవి బతకదని చూపించారు. 2019లో వారికి ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. ఫేజ్ కోసేది, సూక్ష్మజీవి తన కోసం కోసుకునేది ఒకే గోడ. దాన్ని మన తెలుగు ఆడపడుచు ఇంత లోతుగా చదివిందని తెలిసి నాకు సంతోషం వేసింది. పత్రికల్లో సినిమా వార్తలకు ఇచ్చినంత చోటు ఇలాంటివాటికి ఇవ్వరు, అది వేరే సంగతి.

ఇప్పుడు చేదు మాట. ఇన్ని చెప్పాను గదా అని రేపు మందుల షాపుకు వెళ్ళి ఫేజ్ ఎంజైము ఇవ్వమని అడగకండి. మన షాపుల్లో లేదు. అమెరికాలో కాంట్రాఫెక్ట్ అనే కంపెనీ ఎక్సెబకేస్ అనే లైసిన్‌ను నెత్తురులో స్టాఫ్ పాకినవారికి ఇచ్చి చూసింది. మామూలు యాంటీబయాటిక్ మందులతో కలిపి ఇచ్చారు. రెండో దశ పరీక్షలో ఎం.ఆర్.ఎస్.ఎ. రోగులలో లైసిన్ కలిపి ఇచ్చినవారిలో 74 శాతం మందికి గుణం కనిపిస్తే, కలపకుండా ఇచ్చినవారిలో 31 శాతం మందికే కనిపించింది. అందరూ ఆశపడ్డారు. పెద్ద ఎత్తున మూడో దశ మొదలుపెట్టారు. 2022లో మధ్యంతర లెక్కలు చూసి, అదనపు ప్రయోజనం తేలదని పరీక్ష ఆపేశారు. 2023 చివర్లో కంపెనీయే దివాలా తీసింది. చిన్న గుంపులో వచ్చిన ఫలితం పెద్ద గుంపులో నిలవకపోవడం కొత్త కాదు. అయినా ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

నేను ఇక్కడికి వచ్చే ముందు మదనపల్లె నుండి వచ్చిన ఒక సోదరి వరండాలో నన్ను ఆపి ఒక ప్రశ్న అడిగారు. వారి మనవడు హాలండులో ఉన్నాడట. ఎండోలైసిన్ ఉన్న క్రీము అక్కడ అమ్ముతున్నారు, పంపించనా అని అడిగాడట. ఆమెకు అరికాలు పుండు ఉంది. అందరికీ పనికొస్తుంది గనుక ఆమె అనుమతితో ఇక్కడే జవాబు చెబుతాను. ఆ క్రీము ఉన్నమాట నిజం. గ్లాడ్‌స్కిన్ అనే పేరుతో అక్కడ అమ్మకానికి వచ్చింది. అందులోది స్టాఫ్‌ను కోసే ఎంజైమే. దురద, ఎరుపు ఉండే ఎగ్జిమా వంటి చర్మాల కోసం ఉద్దేశించినది. రోటర్‌డామ్ ఆసుపత్రి వైద్యులు ఎగ్జిమా ఉన్న వందమంది మీద 12 వారాలు పరీక్షించి 2019లో ఫలితం ప్రకటించారు. హాని ఏమీ చేయలేదు, కాని ఎంజైము లేని ఉత్త క్రీము వాడినవారికన్నా స్టీరాయిడ్ లేపనం అవసరం తగ్గలేదు. అమ్మా, మీ అరికాలు పుండు లోతైనది. ఎముక దాకా పోయిందో లేదో చూడాలి, నెత్తురు సరిగా పారుతోందో చూడాలి. దానికి ఈ క్రీము మందు కాదు. మనవడిని పంపవద్దని చెప్పండి, మీరు మాత్రం రేపు ఉదయం ఆసుపత్రికి వెళ్ళండి.

అక్కడ ఏమి అడగాలో కూడా చెబుతాను. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే చీము కల్చరుకు పంపగలరా అని అడగండి. పుండును శుభ్రం చేసిన తర్వాత లోపలి నుండి తీస్తే మంచిది, పైపైన కారే చీములో దారినపోయే సూక్ష్మజీవులన్నీ ఉంటాయి. రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. ఆలోగా డాక్టరు గారు అంచనాతో ఒక మందు ఇవ్వవచ్చు, రిపోర్టు వచ్చాక మార్చవచ్చు, ఆ రిపోర్టును మీరే వెంటపడి తెచ్చుకోండి. కాగితం ల్యాబులో, రోగి ఇంట్లో ఉండిపోయిన సందర్భాలు నా సర్వీసులో కోకొల్లలు. మాత్రల అట్ట మీద నిలువుగా ఎర్రగీత ఉంటే అది డాక్టరు చీటీ లేనిదే కొనకూడని మందు. 2014 నుండి కొన్ని యాంటీబయాటిక్ మందులకు షాపువారు ప్రత్యేకంగా రిజిస్టరు కూడా రాయాలి. మీ తమ్ముడో, బావమరిదో ల్యాబ్ టెక్నీషియన్‌గా రిటైరైనా, దయచేసి వారికి ఫోను చేసి మాత్ర పేరు అడగకండి. వారు చెబుతారు, అదే చిక్కు.

రేపు ఎంజైము లేపనం నిజంగా వచ్చినా ఆ దూదిపుల్ల పని మాత్రం తప్పదు. ఇందాక చెప్పినట్లు, స్టాఫ్ ఎంజైముకు స్టాఫే కావాలి. ఏ పుండులో ఏది ఉందో చెప్పే ల్యాబు లేకపోతే ఎంత గొప్ప కత్తెరైనా డబ్బాలోనే ఉంటుంది. కనుక మన సంఘం తీర్మానాలలో జిల్లా, ఏరియా ఆసుపత్రులన్నిటిలో కల్చరు సదుపాయం వారమంతా ఉండాలని ఒక తీర్మానం చేర్చవలసిందిగా అధ్యక్షులు గారికి మనవి చేస్తున్నాను. చిత్తూరు, తిరుపతి 2022 నుండి రెండు జిల్లాలయ్యాయి గనుక రెండు కలెక్టరు కార్యాలయాలకూ పంపవలసి ఉంటుంది. టైపు ఖర్చు నేను భరిస్తాను.

మా అన్న సంగతి అడుగుతారని తెలుసు. బాగానే ఉన్నాడు. మెత్తటి చెప్పులు వేసుకుని ఇప్పటికీ తోటకు పోతాడు. రోజూ రాత్రి చేతి అద్దం కింద పెట్టి వదిన ఆయన అరికాళ్ళు చూస్తుంది. ఆదివారం ఆదివారం నేను ఫోను చేసి, “అన్నా, కాళ్ళు చూపించుకున్నావా” అని అడుగుతాను. “నావి మీ వదిన చూసింది. నీవి ఎవరు చూసినారు?” అంటాడు. మా ఇంట్లో ఆ అద్దం ఎక్కడ పెట్టానో వెతుక్కోవలసి వస్తుంది.

కార్యదర్శి గారు వెనక నుండి చెయ్యి ఊపుతున్నారు. సాంబారు చల్లారిపోతోందట. ఎవరికైనా ప్రశ్నలుంటే పంక్తిలో నా పక్కన కూర్చోండి, చీము మాట ఎత్తకుండా జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను.